చక్రానికి చెవి

“పొడుగూ! ఇలా రా!” అని వాణ్ణి కేకెయ్యకు బాబాయ్. ఒక్క నిమిషం. తలుపు దగ్గరికి వెయ్యి. నేను చెప్పాక పిలుద్దువుగాని.

ఈ షెడ్డులో ఎప్పుడూ పొడుగే కదా. ఎవరొచ్చినా పొడుగేడీ అంటారు. నా చేతిలోనూ అదే పానా, నా గోళ్ళలోనూ అదే మసి. పైగా నువ్వు నాకు సొంత బాబాయివి. అయినా బ్రేకు పనంటే వాడే. దానికి నేనెప్పుడూ ఏడవలేదు. సరే, ఏడ్చాను. కానీ ఇది అది కాదు.

ఇది నర్సుగారి సంగతి. డ్యాష్‌బోర్డు మీద బ్రేకుల ఏబీఎస్ లైటు వెలుగుతోందని సోమవారం తెల్ల కారు తెచ్చింది కదా. ఆవిడ జుట్టు తడిగా ఉంది... అలా చూడకు. వానలో తడిసింది, నాకూ తెలుసు. అలాంటివి నాకు గుర్తుండిపోతాయి, ఏం చెయ్యను?

పొడుగు ముందు చక్రం విప్పి సెన్సర్ బయటికి తీశాడు. దాని కొసన అయస్కాంతం కదా, బ్రేకుల నుంచి రాలిన ఇనప రజనంతా మీసంలా పట్టుకునుంది. ఇదేం చేస్తుందని ఆవిడ అడిగింది. వాడేమన్నాడో తెలుసా?

“ఇది చక్రానికి చెవండీ. చక్రం ఎలా తిరుగుతోందో వింటుంది. మురికి పడితే తప్పుగా వింటుంది, పట్టాల్సిన చోట బ్రేకు వదిలేస్తుంది.”

ఆ మాట నాది బాబాయ్. ముందురోజు అన్నం తింటూ నేనే వాడికి చెప్పాను. అప్పుడేమో నీకు పిచ్చిరా అన్నాడు. ఆవిడ ఎంత ముచ్చటగా నవ్విందని! ఆ నవ్వు నాకు రావాల్సింది కదూ? నేను పక్కనే ఉన్నాను, జాకీ పట్టుకుని.

తర్వాత సెన్సర్‌ని మెత్తటి గుడ్డతో తుడిచి బిగించాడు. చక్రం ఎక్కించమని నాకు చెప్పి, ఆవిడతో కబుర్లాడుతూ గుమ్మం దాకా వెళ్ళాడు.

ఇవాళ ఆవిడ చేతికి కట్టుతో వచ్చింది. మలుపులో మెల్లగానే వెళ్తోందట. బ్రేకు తొక్కితే పెడల్ కాలికింద గడగడలాడి, కారు ఆగకుండా పోయి గోడను గుద్దిందట. నువ్వు సెన్సర్ తీసి చూస్తే మళ్ళీ రజను. తుడవకుండానే తుడిచానన్నాడని వాణ్ణి పనిలోంచి తీసేద్దామనుకుంటున్నావు. వాడేమో తనమీద తనకే అనుమానం వచ్చినట్టు చేతులు చూసుకుంటున్నాడు.

వాడు పోతే బ్రేకు పని నాదే. ఎన్నిసార్లు కలగన్నానో.

మరి ఆవిడేమందో విన్నావా? ఆయన అలా వదిలేసే మనిషి కాదు, ఇంకోసారి చూడండి అంది. ఆయనట. నన్ను ఇంతవరకూ ఏమనీ పిలవలేదు. ఇప్పుడు కూడా నా కడుపు మండుతూనే ఉంది.

వాడు శుభ్రంగానే తుడిచాడు బాబాయ్. చక్రం ఎక్కించేముందు సెన్సర్ బిగించిన ఆ ఒక్క బోల్టూ విప్పి, గ్రైండరు కింద రజను వేలితో తీసి సెన్సర్‌కి అద్దింది నేను. లైటు వెలుగుతుంది, వాడి పరువు పోతుంది, అంతే అనుకున్నాను. బ్రేకు దాకా వస్తుందని నాకు తెలీదని చెబుదామనుకునే లోపలికి వచ్చాను.

తెలుసు బాబాయ్. తెలిసే చేశాను.