ఎడమకి లాగే బండి

విన్నారా అండీ మీ కూతురి మాట! "అమ్మా, సమాధుల పండక్కి నాన్నకిష్టమైనవి పెడతాం కదా, ఆ పాత గేమ్‌ప్యాడ్ కూడా పెట్టేసి రా. నీకు కొత్తది కొన్నాగా" అంటోంది షాలోమి. పెట్టేసి రావాలంట! అదేమన్నా అరటిపండా?

ఉండండి, ముందీ గడ్డి పీకనివ్వండి. మీ సమాధికి సున్నం వేయించాను, బాగుందా?

అసలు దాన్ని ఎంత ఏరి కొన్నాం మనం! కుడి చెయ్యి పడిపోయి, తోటకెళ్లడం మానేసి, గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఒక మాటా లేదు, మంచీ లేదు. ఉన్న చేతికైనా పని పెట్టండి, మనసు మళ్లుతుంది అంది ఆ ఫిజియోథెరపీ అమ్మాయి. సరేనని ఆటో ఎక్కించి నూజివీడులో మనోజ్ కొట్టుకి తీసుకెళ్లాను.

ఏం బేరం అది! వైరు లేనిది చూపిస్తే, తాడు లేని మేకని నేనేం చేసుకోను అన్నారు. మిగతావి ఒక్కొక్కటే ఎడమచేతిలో పెట్టుకుని, రసం మామిడికాయ ముదిరిందో లేదో చూసినట్టు బరువు చూశారు. మనోజ్ ఒకటే నవ్వు. చివరికి "ఇది చేతికి కుదిరింది" అన్నారు. అన్నాళ్లకి ఆరోజే మీ నోట మాటలు విన్నాను నేను.

షాలోమి చదువుకున్నప్పటి కంప్యూటరుకి తగిలించి, బండి నడిపే ఆట పెట్టి, కుడివేలితో నొక్కాల్సిన స్పీడు బటన్ని ఎడమవైపుకి మార్చి ఇచ్చాడు మనోజ్. ఇంకేం! చూపుడువేలితో స్పీడు, బొటనవేలితో దాని మీదున్న ఆ బొడిపె తిప్పడం. రోడ్డు కుడికి పోతే మీరు ఎడమకి! బండెళ్లి చెట్లలో పడేది. "మన తోట దారి ఎడమవైపే కదే సవరమ్మా" అని నవ్వేవారు. మూతి వంకరపోయినా ఆ నవ్వు మాత్రం మీదే.

నేను తక్కువ తిన్నానా? కోతల నాడు సొన చేతులతోనే ఆడేశాను. బటన్లు అతుక్కుపోయాయి. చేతులకి రాసుకున్నట్టే దానికీ కిరసనాయిలు రాసి రుద్దితే, అక్షరాలన్నీ ఊడి కూర్చున్నాయి! మీరు తిట్టలేదు. "మనకి అక్షరాలెందుకే, వేళ్లకి తెలుసులే" అన్నారు.

మీరు పోయాక దాని మొహం చూడలేదండీ. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక, ఆట పెట్టాను. స్పీడు నొక్కానంతే. బొడిపె మీద వేలు కూడా ఆనించలేదు. బండి దానంతటదే ఎడమకి తిరిగింది! చెట్లలోకి వెళ్లి ఆగింది.

"వచ్చారా?" అన్నాను, పైకే.

అప్పట్నుంచి రోజూ అన్నం తినగానే అదే పని. షాలోమి చూసింది. అమ్మకి మతి పోతోందని హడలిపోయి మనోజ్‌ని పిలిపించింది. "ఏం లేదు ఆంటీ, ఆ బొడిపె లోపల అరిగిపోయింది. సెట్టింగ్‌లో కాస్త సర్దితే సరి" అన్నాడు. సర్దేశాడు.

బండి తిన్నగా వెళ్లిందండీ. షాలోమి చప్పట్లు కొట్టింది. నేను వంటింట్లోకెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. మీరు మళ్లీ పోయినట్టయింది నాకు.

మర్నాడు మనోజ్ కొట్టుకెళ్లి, ఎప్పట్లా చేసిపెట్టు నాయనా అన్నాను. "పాడుచెయ్యమని అడిగేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా ఆంటీ" అని నవ్వబోయాడు. నా మొహం చూసి లేచాడు. వచ్చి, మార్చి వెళ్లాడు. అదీ మీ కూతురి కోపం! అందుకే ఈ కొత్తది. బంగారంలా ఉంది, ఎటు తిప్పితే అటే పోతుంది. నాకెందుకండీ అది?

ఇదిగో, తాండ్ర పెట్టాను. మన చెట్టు కాయలదే. కొవ్వొత్తి గాలికి ఆగట్లేదు, ఉండండి, చెయ్యి అడ్డం పెడతాను.

ఆ పాతది మాత్రం సంచిలోనే ఉంది. తియ్యను. పెట్టానని షాలోమికి అబద్ధం చెప్పుకుంటాలెండి. మీరు కోప్పడకండి.

నాకేం పిచ్చి పట్టలేదు. మీరొచ్చి తిప్పట్లేదని నాకు తెలీదా? అరిగిపోయింది, అంతే.

కానీ అరగదీసింది మీ వేలే కదండీ.