ఎడపల్లి మిస్డ్ కాల్

కొడుకు ట్రాలీ ఆటోలో సరుకు వేసుకుని బోధన్‌కు బయలుదేరి గంటయింది. కంఠేశ్వర్‌లోని ఆ ఇంట్లో అత్త ఫోను పట్టుకుని గడపకూ గేటుకూ మధ్య తిరుగుతోంది. కోడలు గడప మీద కూర్చుని ఉంది.

“జానకంపేట కాడ మిస్డ్ కాల్ రాలే. ఎడపల్లి కాడ గూడ రాలే. ఊరు దాటినప్పుడల్ల ఇయ్యమని నేనే నేర్పిన. మూడేండ్ల సంది ఒక్కనాడు తప్పలే వాడు.”

“కూసో అత్తమ్మా.”

“రోడ్డు నిండ చెరుకు ట్రాక్టర్లుంటయి బిడ్డా. నేనే ఒకపారి చేస్త.”

“చెయ్యకు. నువ్వు చేస్తే ఆయన ఎత్తుతడు.”

“ఎత్తితేనే గద నా పానం నిమ్మలమయ్యేది.”

“గా మిస్డ్ కాల్ బండి ఆపి ఇస్తడనుకున్నవా?”

“ఆపడా మరి?”

“ఆపడు. మొన్న పక్కన కూసొని చూసిన. నీ నంబరు కోసం కండ్లు ఫోన్ల పెట్టిండు. ముంగట ట్రాక్టర్ ఆగింది. జానెడు దూరంల తప్పింది.”

“నాకెందుకు చెప్పలే?”

“నీకు నిద్ర పట్టదని. పొద్దున ఆయనకే చెప్పిన, బోధన్‌ల సరుకు దించినంకనే ఫోన్ ముట్టుమని.”

“గంట సంది నా పానం తీసింది నువ్వేనా?”

“నాకు స్కూటీ నేర్పే సార్ చెప్పిండు. రెండు సెకండ్లు ఫోన్ చూస్తే, మన గేటు కాడి నుంచి గా కిరాణం దాక కండ్లు మూసుకొని నడిపినట్టేనట.”

అత్త గేటు దగ్గర నిలబడి కిరాణం వైపు చాలాసేపు చూసింది.

“ఇగో, ఈ ఫోన్ నువ్వే పట్టుకో. నా చెయ్యి ఆగుతలేదు.”

“నాకియ్యకు అత్తమ్మా. నా ఫోన్ గూడ గందుకే బియ్యం డబ్బాల ఏసొచ్చిన.”