నది దాటని పన్ను

ఒహాయో రాష్ట్రం సిన్సినాటిలో పన్ను లెక్కలు చూసే ఆమె ముందు, ఆమెతో విడాకులు తీసుకున్న మొగుడు తన జీతం కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు.

“నది దాటి పక్క రాష్ట్రం కెంటకీలో డార్లాతో కాపురం పెట్టి ఏడాది దాటింది. ఇల్లు ఎక్కడుంటే పన్ను అక్కడ కట్టాలి. నీ జీతంలో ఇంకా ఒహాయోకే కోస్తున్నారేం?”

“ఆఫీసులో అడ్రసు మార్చలేదు.”

“ఎందుకో?”

“మళ్ళీ పిలుస్తావనుకున్నా.”

“ఏడిసినట్టే ఉంది! ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళే నయం, నువ్వు తెప్ప కట్టేసి ఉంచుకున్నావు. రేపే అడ్రసు మార్పించు. కెంటకీకి కట్టెయ్, ఒహాయోని వెనక్కి అడుగుదాం.”

“ఇస్తారా?”

“పొరపాటున వెళ్ళింది కదా, ఇస్తారు.”

“నేనూ పొరపాటునే వెళ్ళానే...”

“పన్ను ఎవరో పంపితే వెళ్ళింది నాయనా. నువ్వు నీ కాళ్ళతో నడిచి వెళ్ళావు. ఇక్కడ సంతకం పెట్టు.”