డబ్బా మీద పేరు

చైనాలో షెన్‌జెన్ ఎలక్ట్రానిక్స్ బజారు, నాలుగో అంతస్తు. చార్జర్లు అమ్మే గువో లిషెంగ్ కొట్టుకి చెల్లెలు చిన్‌యా వచ్చింది.

"కాలిన చార్జరు బల్ల మీద పెట్టాను చూడన్నయ్యా. తల తిప్పుకుంటావేం?"

"చూస్తున్నాగా. ముందు టీ తాగు. పాప చెయ్యెలా ఉంది?"

"అరచెయ్యంతా బొబ్బలు. ఫోను పెడుతుంటే భగ్గుమంది. టీ సంగతి తర్వాత. ఇదెవరి సరుకో చెప్పు."

"నాకేం తెలుసు? డబ్బా మీద పేరుంటుందిగా."

"ఉంది. లువోలువో అని, ఇంగ్లీషు అక్షరాల్లో. ఎవరిదీ కంపెనీ?"

"ఏదో... ఐరోపా వాళ్లదై ఉంటుంది."

"ఐరోపా వాళ్లదా."

"అయ్యుండొచ్చు అన్నాను."

"డబ్బా మీది అడ్రసుకి వెళ్లాను. చేపల కొట్టుంది అక్కడ."

"అంతే మరి. అలాంటి పేర్లు వేలకి వేలు. ఇవాళ పుడతాయి, గొడవొస్తే రేపు ఉండవు. ఎవర్ని పట్టుకుంటావు?"

"పుట్టించేవాణ్ణి. పేరు లేని చార్జర్లు ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, నోటికొచ్చిన పేరు అచ్చుకొట్టి అమ్మేవాణ్ణి. నీ పనీ అదేగా?"

"ఈ అంతస్తులో అందరి పనీ అదే. అసలు మీ ఆయన నన్నడక్కుండా ఫోన్లో ఎందుకు తెప్పించాడు?"

"పేరు చూసి ముచ్చటపడ్డారు."

"పేరు చూసి కొంటే ఇంతే. లోపలేముందో చూసుకోవాలి."

"నువ్వు చూశావా?"

"గొంతు తగ్గించు. పక్కవాళ్లు వింటున్నారు."

"విననీ. లోపలేముందో చూశావా, చూడలేదా?"

"రోజుకో కొత్త పేరు కావాలంటారు ఆన్‌లైన్ వాళ్లు. పేరు దొరకడమే గండం, ఇంక లోపల చూసే తీరికేదీ... అందరి సంగతీ చెబుతున్నాలే. అదిలా ఇవ్వు, పారేస్తాను. పాపని పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్తాను."

"చెయ్యి తియ్యి. దాన్ని ముట్టుకోకు."

"కోపంలో ఉన్నావు. పాపేదీ?"

"ఇదుగో, మళ్లీ పాప. ఇందాకట్నించీ పాప, పాప, పాప. దానికి తొమ్మిదేళ్లొచ్చాయి, నీ నోట ఆ మాట ఒక్కనాడూ వినలేదు."

"ఏమని పిలిస్తే ఏంటి..."

"బయట మెట్ల మీద కూర్చుంది. మామయ్య పేరు పెట్టి పిలిస్తేగానీ లోపలికి రాదట. ఓ పట్టాన పుట్టనని మొరాయించిందని, మన భాషలో నత్తపిల్ల అని అర్థమొచ్చేలా అమ్మ పెట్టుకున్న ముద్దుపేరు. మన ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు."

"చిన్‌యా..."

"నన్ను కాదు. దాన్ని పిలువు. డబ్బా మీద ఉందిగా అన్నయ్యా, చదివి పిలువు."