టకటకమ్మ వద్దన్న పెళ్లి

ఏంటమ్మాయ్, మా చర్చి కొలతలు తీసుకోవడం అయిందా? కూర్చో మరి. చర్చి కట్టిన వడ్రంగి గురించి రాసుకున్నావు కదా, రాసుకో, తప్పులేదు. ఒక్క మేకు కొట్టకుండా చెక్క సీలలతోనే అన్ని దూలాలూ బిగించాడు మహానుభావుడు. కానీ ఆయన కట్టి వెళ్లిపోయాడు. దాన్ని పడిపోకుండా చూసింది మా టకటకమ్మ. చర్చిలో గంట కొట్టే ఆయన భార్య. శనివారం శనివారం చర్చి ఊడ్చాక, చెక్క గరిటె తిరగేసి పట్టుకుని ప్రతి స్తంభాన్నీ టకటకా కొట్టి చెవి ఆనించేది. చెద లోపల్నుంచి తింటుంది కదా, పైకి నున్నగానే ఉంటుంది. మేం కుర్రాళ్లం వెనకాల చేరి, "ఏమత్తా, స్తంభానికి జ్వరమా?" అని ఏడిపించేవాళ్లం. నవ్వేది కాదు, తిట్టేదీ కాదు. అదో రకం మనిషి.

ఇక నా పెళ్లిరోజు. చుట్టాలంతా దిగారు, బయట వాన. ఈవిడేమో గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "కుడివైపు మూడో స్తంభం డొల్లగా పలుకుతోంది. ఒక్కర్నీ లోపలికి పోనివ్వను" అంటుంది. అంతకు ముందే పాస్టరుగారికి చెప్పిందట, ఆయన "పెళ్లి కానీమ్మా, చూద్దాం" అన్నారట. గంటాయన "ఒసే, పరువు తియ్యకే" అని బతిమాలాడు. ససేమిరా అంది. నేను, నీ దగ్గర దాచడం ఎందుకు, "గరిటె తిప్పుకునేదానివి, చర్చి సంగతి నీకేం తెలుసు" అని నలుగుర్లో అరిచాను. కదిలితేనా. చివరికి నా పెళ్లి ఆరుబయట, గొడుగుల కింద, బురదలో అయింది. ఆ ఫొటో చూసినప్పుడల్లా మీ మామ్మ నన్ను దెప్పుతూనే ఉంటుంది, అది వేరే సంగతి.

మర్నాడు వేరే వడ్రంగిని పిలిచి ఆ స్తంభానికి ఉలి పెట్టించారు. అలా పెట్టాడో లేదో, పిడి దాకా దిగిపోయింది. లోపలంతా పిండే. పైన దూలం అప్పటికే బెత్తెడు జారింది. సరిగ్గా దాని కిందే మా అమ్మ కూర్చునే బల్ల. అమ్మకి చెవుడు, పాస్టరుగారి మాట వినబడాలని ఎప్పుడూ అక్కడే కూర్చునేది. పరుగెత్తుకెళ్లి టకటకమ్మ కాళ్ల మీద పడితే, లేవదీసి, "అరిచింది నువ్వు కాదులేరా, పెళ్లి కంగారు. వెళ్లి మీ అమ్మని చూసుకో" అంది. అంతే, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆవిడ పోయినప్పుడు పెట్టె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. అదే నేను చేయగలిగింది. మా అమ్మ ఆ తర్వాత పందొమ్మిదేళ్లు బతికింది. నా పిల్లలు ముగ్గురూ మా అమ్మ వేలు పట్టుకునే నడక నేర్చారు. పందొమ్మిదేళ్లమ్మా...

టీ చల్లారిపోతోంది, తాగు.