ఇరవై నాలుగు బిందెలు

పేరేసంద్రలో హైవే పక్కన మునిరత్నమ్మ టీ అంగడిలో బెంచీని ఆనుకుని మూడడుగుల గాజు తొట్టి ఒకటి ఉంటుంది. దాన్నిండా నీటి మొక్కలు, మొక్కల మధ్య పది పన్నెండు గప్పీ చేపలు. తొట్టి మునిరత్నమ్మది కాదు, కోడలు వినుతది. చింతామణి నుంచి కాపురానికి వచ్చాక ఫోనులో చూసి నేర్చుకుని, ఇంటి వెనక టబ్బుల్లో ఈ మొక్కలు పెంచి అమ్ముతోంది. అంగట్లో తొట్టి ఆమెకు బోర్డు లాంటిది. టీ కోసం ఆగినవాళ్ళు తొట్టి చూసి మొక్కలు కొనుక్కుపోతారు.

అలా ఆగి చూసినవాళ్ళలో ఒక రిసార్టు మేనేజరు ఉన్నాడు. తమ దగ్గర ఎనిమిదడుగుల తొట్టి పెట్టించాలని, ఆదివారం మళ్ళీ వచ్చి దీన్ని బాగా చూసి పని ఎవరికివ్వాలో తేలుస్తానని చెప్పి వెళ్ళాడు. వినుతకు అంత పెద్ద పని ఇంతవరకు రాలేదు. సరిగ్గా అప్పుడే తొట్టికి పాచి పట్టింది. నీళ్ళు పచ్చబడ్డాయి, ఆకుల మీద దారాలు దారాలుగా వేలాడుతోంది. వినుత లైటు వేసే సమయం రోజుకు పది గంటల నుంచి ఆరుకు తగ్గించింది. చేపల మేత సగం చేసింది. ఎండ పడకుండా తెర కట్టింది. పాత టూత్‌బ్రష్‌తో రోజూ గాజు తోముతోంది. ఎంత తోమినా మర్నాటికి మళ్ళీ అంతే. బుధవారం పొద్దున కూడా అదే పనిలో ఉంది. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి, ఏం చేయాలో తోచడం లేదు, ఏడుపొక్కటే తక్కువ.

ఎనిమిదిన్నరకు అంజినప్ప వచ్చాడు. టమోట తోటకు డ్రిప్పు వదిలేసి రోజూ ఆ వేళకు వచ్చి, బెంచీ చివర తొట్టి పక్కనే కూర్చుంటాడు. మనిషి మంచివాడే. నోరు తెరిస్తే మాత్రం ఎదుటివాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. అంజినప్ప చెప్పే లెక్కలో ఒక సున్నా తీసేసి వినాలని ఊరందరికీ తెలుసు.

"పాచి ఒక సమస్యా పాపా," అన్నాడు టీ అందుకుంటూ. "బట్లహళ్ళిలో మా షడ్డకుడింట్లో ఇట్లాంటి తొట్టే ఉండె. కిటికీ పక్కన పెట్టుకోనుండ్రి, ఎండ తగిలి నీళ్ళు పచ్చగైపాయ. నేను పోతి. తొట్టి గోడ పక్కకు జరిపిస్తి, గాజు తోమిస్తి. వారానికి తేటగైపాయ."

ఇంతవరకు నిజమే అయి ఉండొచ్చు. ఇక్కడితో వదిలేసి ఉంటే బాగుండేది. కానీ బెంచీ మీద రామకృష్ణప్ప ఉన్నాడు. బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మేష్ట్రు, పొద్దుపోవడానికి వేరే దారి లేదు.

"అంతేనా?" అన్నాడాయన.

"అంతే అయితే నేనెందుకు చెప్తా మేష్ట్రూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సంగతి చింతామణి దాకా పాయె. ఆడ ఒక కల్యాణ మంటపం, దాని వాకిట్లో ఇరవై అడుగుల తొట్టి. లోపల చేపలుండాయో లేవో కట్టించినోళ్ళకే తెలీదు, అంత పాచి. పొద్దెక్కితే మూర్తం. నేనేం చేస్తి? మిట్టేమరి చెరువులోనుంచి నత్తలు తెస్తి. ఒక్కొక్కటి చపాతీ అంత. రెండు వందల నత్తల్ని వరసగా నిలబెట్టి, నువ్వు ఇటునుంచి రా, నువ్వు అటునుంచి రా, నడాన కలుసుకోండి అని చెప్తి. భోజనాల పొద్దుకు గాజు ఎట్లుండాదంటే, పెండ్లికూతురు దాంట్లో చూసుకుని బొట్టు దిద్దుకునె."

"నత్తలు నీ మాట వింటాయా అప్పా?" అంది మునిరత్నమ్మ గిన్నెలో పాలు కలుపుతూ.

"నత్తకు తొందర ఉండదు కదమ్మా. మనమూ నిదానంగా చెప్తే వింటాది."

వినుత ఆకుల మీది దారాలు బ్రష్‌కు చుట్టి తీస్తూనే ఉంది. చెవి మాత్రం అటే ఉంది. మునిగేవాడికి ఏది దొరికినా పట్టుకోవాలనిపిస్తుంది, అంజినప్ప కోతలైనా సరే.

"ఇంక బెంగళూరు వాళ్ళు వదుల్తారా?" అంజినప్ప కాలు మీద కాలు వేసుకున్నాడు. "కారు పంపించిరి. ఎంత పెద్ద హోటలో చెప్తే మీరు నమ్మరు. వెయ్యి అడుగుల తొట్టి. పాచి ఎట్లుండాదంటే, ఆ హోటలు మేనేజరు దాని మీద నడుచుకుంటా వచ్చి నాకు నమస్కారం పెట్టె, చెప్పులు కూడా తడవలే. నేను చూస్తి. చూసి ఒకటే మాట చెప్తి. సారూ, పాచికీ మొక్కకీ తిండి ఒకటే. మొక్క బలంగా ఉంటే తిండంతా అదే తినేస్తాది, పాచికి ఉపాసమే. కాబట్టి పాచిని కొట్టొద్దు, మొక్కను మేపాల."

వినుత చేయి ఆగింది. ఈ మాట ఫోనులో తను చదివిందే. ఇంత కోతలోకి ఇంత నిజం ఎలా వచ్చిందా అనిపించింది.

"పొద్దున ఒక చిటికెడు వేస్తి. సాయంత్రానికి ఆకు తొట్టి దాటె. మరుదినం మూడో అంతస్తు కిటికీలోనుంచి బయటికి వచ్చె. మూడో దినం ఆ ఆకు నీడలో నాలుగు వేల స్కూటర్లు నిలిపినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకు వచ్చే విమానం పైనే రెండు చుట్లు తిరిగె. కింద పచ్చగా కనపడితే పైలటు నంది కొండ అనుకుని, ఇదేమిరా కొండ ఇంత దూరం జరిగింది అని కంగారు పడె. పాచి అంటావా, మందుకు కావాలన్నా ఒక పోగు లేదు."

రామకృష్ణప్ప టీ పొలమారింది. మునిరత్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏం వేసినావప్పా?" అంది వినుత.

అంజినప్ప కథల్లో ఇంతకాలం ఎవరూ ఏం వేశావని అడిగింది లేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. చొక్కా జేబులోనుంచి మడిచిన కాగితం పొట్లం తీసి విప్పాడు. "ఇదే."

తెల్లటి పలుకులు. ఆ చుట్టుపక్కల టమోట వేసే ప్రతివాడికీ తెలిసినదే, డ్రిప్పులో కలిపి వదిలే నైన్‌టీన్ ఆల్ ఎరువు. వినుత పొట్లం వైపు చూసింది. తర్వాత తొట్టి మూత వైపు చూసింది. మేత వేయడానికి మూతలో చిన్న సందు ఉంది, అది సరిగ్గా అంజినప్ప కూర్చునే చోటికి పైన. ఆ సందు అంచున రోజూ నాలుగు తెల్లటి పలుకులు కనిపిస్తే, టీలో వేసే చక్కెర అనుకుని రోజూ తుడిచేసింది.

"అప్పా," అంది మెల్లగా. "మా తొట్టిలో కూడా వేసినావా?"

మునిరత్నమ్మ స్టవ్వు తగ్గించింది. అంజినప్ప పొట్లం మడవడం మొదలుపెట్టాడు.

"ఒక చిటికెడు," అన్నాడు. కాసేపాగి, "చిటికెడు కూడా కాదు, అర చిటికెడు." ఇంకాసేపాగి, "అదీ ఒక్క దినమే."

"అంజినప్ప లెక్క కిందికి దిగేది నేను పుట్టినాక ఇదే చూస్తాండేది," అన్నాడు రామకృష్ణప్ప. బెంచీ మీద అందరూ నవ్వారు.

వినుతకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు అనేద్దామనే లేచింది. కానీ అన్నా పాచి పోదు. బ్రష్ పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆదివారం సారు వస్తాడప్పా. తొట్టి ఇట్లుంటే ఆ పని నాకు రాదు. నువ్వు ఎంత వేసినావో తెలిస్తేనే ఎన్ని నీళ్ళు మార్చాల్నో తెలుస్తాది. ఒకేసారి అంతా మారిస్తే చేపలు తట్టుకోవు, తక్కువ మారిస్తే పాచి పోదు. నువ్వు చెప్పే లెక్క మీదే ఉండాది."

అంజినప్ప తొట్టి వైపు తిరిగి మూత సందు మీద చేయి ఆనించాడు. గప్పీలు నాలుగైదు పైకి వచ్చి ఆయన వేళ్ళ దగ్గర మూగాయి. రోజూ ఆ వేళ్ళ నుంచి ఏదో ఒకటి పడుతుందని వాటికి తెలుసు. చేపలే సాక్ష్యం చెప్తుంటే ఇంకేం దాస్తాడు?

"ఇరవై దినాలు," అన్నాడు. "దినానికొక చిటికెడు. ఆ ఎర్రాకు మొక్క ఎదగలేదని మీ అత్తతో చెప్పి బాధపడితివే, ఆ దినం నుంచి. టమోటకు బలమొస్తాది కదా, దీనికీ వస్తాదనుకుంటి." చేతిలోని పొట్లం వినుత ముందు పెట్టేశాడు. "నువ్వు చూసి సంతోషపడినాక చెప్దామనుకుంటి పాపా."

వినుత వేళ్ళ మీద లెక్క వేసింది. తర్వాత చేయాల్సింది చెప్పింది. రోజుకు సగం చొప్పున నాలుగు రోజులు నీళ్ళు మార్చాలి. దారాలు చేత్తో ఏరేయాలి. నీళ్ళు మార్చిన వెంటనే తొట్టి మీద గోనెపట్టాలు కప్పేయాలి, ఆదివారం దాకా లైటు వేయకూడదు. తిండీ వెలుతురూ రెండూ లేకపోతే పాచి బతకదు. అయితే బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, ఈ మొక్కలకు పనికిరావు. శుద్ధ నీరిన ఘటకం అనే మంచినీళ్ళ ప్లాంటు నుంచే బిందెలతో మోయాలి. రోజుకు ఆరు బిందెలు.

"నేను తెస్తా," అన్నాడు అంజినప్ప.

ఘటకం ఊరికి ఆ చివర ఉంది. నాలుగు రోజులు ఆయన భుజాన బిందె పెట్టుకుని హైవే పక్కన నడిచాడు. దారిలో ఎవరైనా ఏమప్పా అంటే నీళ్ళు అనేవాడు, అంతకు మించి ఒక్క మాట లేదు. అంగట్లో టీ తాగేవాళ్ళకు ఆ నాలుగు రోజులూ చప్పగా గడిచాయి.

ఆదివారం పొద్దున వినుత పట్టాలు తీసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి, వెనక గోడ మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి. చేపలన్నీ ఉన్నాయి. ఎర్రాకు మొక్కకు కొత్త చిగుళ్ళు రెండు వచ్చాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

పదకొండుకు మేనేజరు వచ్చి తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు. పాచి రాకుండా ఏం చేస్తావని అడిగాడు. వచ్చింది సార్, వెలుతురు ఆపి నీళ్ళు మార్చి పోగొట్టినాం అని ఉన్నదున్నట్టు చెప్పింది వినుత.

"ఇంత తొట్టికి నీళ్ళు ఎవరు మోసినారు?"

"నేనే సార్," అన్నాడు అంజినప్ప బెంచీ చివరి నుంచి. "ఇరవై నాలుగు బిందెలు."

"సార్, ఈయప్ప లెక్కలో ఒక సున్నా తీసేయాల," అన్నాడు రామకృష్ణప్ప. "రెండో మూడో అయ్యుంటాయి."

అంగడంతా నవ్వింది. మేనేజరు కూడా నవ్వాడు. అంజినప్ప ఎర్రగా కమిలిన భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"కాదు మేష్ట్రూ," అంది వినుత. "ఇరవై నాలుగే. నేను లెక్క పెట్టినా."

నవ్వులు ఆగిపోయాయి. మేనేజరు అంజినప్ప వైపు తిరిగాడు. "మాది ఎనిమిదడుగుల తొట్టి. ఈ పాపే పెడుతుంది. దానికి ఎన్ని బిందెలు పడతాయప్పా?"

బెంచీ మీద అందరూ ఆ అంకె కోసం ముందుకు వంగారు. అంజినప్ప ఖాళీ జేబు తడుముకున్నాడు, వినుత వైపు ఒకసారి చూశాడు.

"కొలిచి చెప్పాల సార్," అన్నాడు.