పటేలు దండు, ఆడిబిడ్డల ఊరు

“ఏంది నాయినమ్మా, పిలిచినవట? జల్ది చెప్పు, బయట అందరు నాకోసం నిలవడ్డరు.”

నిలవడనీ. కొత్తగ గెలిచిన సర్పంచువు, నీకోసం నిలవడకపోతే ఇంకెవలికోసం నిలవడుతరు. కూసో. గక్కడ కాదు, గిటు ఎడమదిక్కు, కుడిచెవు నాకు ఇనరాదు. ముందుగల గా జేసీబీ ఇంజన్ బంద్ చెయ్యమను సాగరూ. పొద్దుగాల సంది దడదడ, నా గుండెకాయ కొట్టుకునుడా, అది కొట్టుకునుడా తెలుస్తలేదు నాకు.

నాకన్ని ఎర్క. మీ అమ్మ చెప్పింది. కింది ఊరోళ్లు కాలువకు గండి కొట్టి నీళ్లు మలుపుకున్నరు, మీరు పోయి గండి పూడ్సి, వాళ్ల మోటర్లు పీకి ఒర్రె నీళ్లల్ల పారేసి వస్తరు. ఎండ ముదరకముందే ఐపోతదట. పగటి బువ్వకు ఇంట్లుంటరట. గా మాట ఇన్నసంది నేనొకకాడ కూసుంటలేను బిడ్డా. అర్రలకు పోతున్న, వాకిట్లకు వస్తున్న. ఎందుకంటవా? గదే మాట నేను ఇదివరకొకపారి ఇన్న. అన్నోని గతి గూడ సూసిన.

నిన్న టీవీల సూపెట్టలే? ఏ దేశమో, పేరు నాకు నోరు తిరగది. గా దేశపాయన గింత పొడుగు బల్లకు ఒక కొసకు కూసుంటడు, మిగిలినోళ్లంత ఇంకో కొసకు. గంత దూరం కూసుంటే చెవుల నిజమెవ్వడు చెప్తడు? పక్క దేశం మీదికి పోతే వాళ్లే దండలేసి తోలుకపోతరనుకున్నడట. ఏండ్లు గడుస్తున్నయి, ఇంక పీనుగులు లేస్తనే ఉన్నయి. టీవీ బంద్ చెయ్యిర అన్న. నాకు మా పటేలు యాదికొచ్చిండు.

మా పటేలంటే గీ ఊరాయన కాదు. మా తల్లిగారూరు పటేలు. ఔ, గదే, నువ్వు ఇయ్యాల పోతనంటున్న కింది ఊరే. మనిషి ఎత్తుగ, తెల్లటి ధోతి, మాట మెల్లగ మాట్లాడుతుండె. ఒర్లేటోనికి భయపడొద్దు బిడ్డా, మెల్లగ మాట్లాడేటోనికి భయపడాలె. ఆయనుండే గడి ముందటికెల్లి చెప్పులేసుకొని నడిసినోడు లేడు. వాన పడుతుంటే పటేలు ‘ఎండ మంచిగ కొడుతుంది’ అంటే, తలకాయలు తుడుసుకుంట ‘అవు పటేలా’ అనేటోళ్లు. నవ్వుతున్నవ్, నవ్వు. మా బాపు గూడ అన్నడు. కౌలు భూమి ఆయనదే, అనకపోతే మేం తినేదేంది.

గప్పుడు గీ పెద్ద కాలువలు యాడియి. మనూరి కాడ వాగుమీద చిన్న కట్ట, దానికొక తూము. మనూరికి కొన్ని దినాలు నీళ్లు, కింది ఊరికి కొన్ని దినాలు, వంతులు. ముత్తాతల కాలం నుంచి గట్లనే. నన్ను గీ ఊరికి ఇచ్చేటప్పుడు మా అవ్వ, నీళ్లున్న ఊరు బిడ్డా సుకపడుతవ్ అన్నది. నా పెండ్లికి మా బాపు యాటను, బలిసిన మేకపోతును, ఇరవై రూపాలకు తెచ్చిండు, ఎర్కనా? గా ఇరవైకి ఇప్పుడు కొత్తిమీర కట్ట వస్తదో రాదో. ఏం చెప్తున్న నేను... ఆఁ, తూము.

గా యేడు వానల్లెవ్వు. పటేలుకు ఏం బుద్ధి పుట్టిందో, వంతు అడుగుడేంది, తూమే గుంజుకుంటే పాయె అనుకున్నడు. ఎందుకంత ధైర్యమంటే, మనూర్ల గప్పుడు రెండు పార్టీలు. పీర్ల పండుగకు ముందుగల పీరెత్తేది ఎవలని పైవాడకు కిందివాడకు మాటల్లేవు. పటేలు ఒక మనిషిని పంపిండు, సూసి రమ్మని. వాడు పోయి ఏం చెప్పిండు? ‘వాళ్లల్ల వాళ్లకే పడది పటేలా, మీరు అడుగు పెడితే సగం ఊరు మనదిక్కే’ అన్నడు. అబద్ధం కాదది, సగం నిజం. మనిషి సగం నిజంతోనే మునుగుతడు కొడుకా. కుక్కతోక పట్టుకొని గోదారి ఈదినట్టు, గా ఒక్క మాట పట్టుకొని దిగిండు.

ఇంక ఇను. పొద్దుగాల పోతరు, పగటియాళ్లకు గెలిసి వస్తరని గడిల యాటలు కోపిచ్చిండు. తూముకాడ కావలి కూసునేటోనికి తలకు కొత్త రుమాలు గూడ తెప్పిచ్చిండు. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఒక్క సంగతి మాత్రం ఆయనకు తట్టలే. ఎట్ల తడుతది? ఆయన బిడ్డలను ఒకదాన్ని నిర్మల్ దిక్కు, ఒకదాన్ని పెద్దపల్లి దిక్కు, పెద్ద పెద్ద ఇండ్లకు ఇచ్చిండు. మా అసొంటోళ్లు బిడ్డలను యాడ ఇస్తరు? నడిసి పోయేటంత దూరంల. గీ ఊర్ల గప్పుడు ఇంటికొక కోడలు కింది ఊరి పిల్లనే. నేను, మన పక్కింటి లచ్చవ్వ, ఇంక ఎవలెవలో, సగం మంది సచ్చిపోయిన్రు ఇప్పుడు.

సప్పుడైతుంది మళ్ల. ఫోనా? మోగనీ. కూసో, లేవకు.

మీ బాపు నా కడుపుల ఉండె, నెలలు నిండుతున్నయి. బిందె పట్టుకొని వాగుకు పోతున్న. అవుతలికెల్లి దుమ్ము లేసింది. సూస్తే మనుషులు, అందరి చేతులల్ల గుత్పలు, గింత లావు కట్టెలు. మనోళ్లు ఉరుకొచ్చిన్రు. పైవాడోళ్లు, కిందివాడోళ్లు, పీరుకాడ కలవనోళ్లు తూముకాడ కలిసిన్రు. మీ తాత పార పట్టుకొని ముందటనే నిలవడ్డడు. ఎదురుంగ సూస్తే మా తమ్ముడు మల్లేశం. మీ తాత ఒరిగినా నా ఇల్లే కూలుతది, మల్లేశం ఒరిగినా నా ఇల్లే కూలుతది.

గప్పుడు సూసిన. మల్లేశం కుడిచేతుల గుత్ప, ఎడమచేతుల తువ్వాల ముల్లె. గా ముల్లె కట్టుడు నాకు ఎర్కనే, మా అవ్వ చేతిది. పటేలు చెప్పిండు, పోక తప్పది. కని అక్క ఊరాయె, ఉత్త చేతులతోటి పోవద్దని రెండు ఎండుకొబ్బరి కుడుకలు, ఇంత చక్కెర కట్టిచ్చింది. వాని ఎనుక నిలవడ్డోళ్లను సూస్తే వాళ్ల చేతులల్ల గూడ ముల్లెలు. కొట్టనీకి వచ్చినోళ్లు కుడుకలు తెచ్చుకున్నరు! నాకు ఏడుపొచ్చిందా నవ్వొచ్చిందా, ఇప్పటికి గూడ తెల్వది.

బిందె ఆడనే పెట్టిన. నడుమకు పోయి మల్లేశం ముందట కొంగు పట్టిన.

“తమ్మీ, పెండ్లై నాకు మూడో యేడు నడుస్తుంది. ఒడిబియ్యం పొయ్యనీకి వచ్చినవా?”

గది మామూలు మాట కాదు కొడుకా. పెండ్లైన బిడ్డ ఒడిల తల్లిగారోళ్లు మూడో యేట, ఐదో యేట పసుపు బియ్యం పోసుడంటే, నీకొక తల్లిగారిల్లున్నది, మేమింక బతికే ఉన్నం అని చెప్పుడు. కొంగు పట్టి అడిగిన ఆడిబిడ్డను కాదనేటోడు మా దిక్కు లేడు. లచ్చవ్వ వచ్చి వాళ్లన్న ముందట పట్టింది. ఇంక అందరు వచ్చిన్రు. మల్లేశం గుత్ప కింద పెట్టిండు. “బియ్యం తేలే అక్కా,” అన్నడు, తల వంచుకొని. గంతే అన్నడు.

పటేలు మనిషి ఒకడు ఎనుకకెల్లి వచ్చి, ఎత్తుర గుత్ప అని మల్లేశం కుడి భుజంమీద కొట్టిండు. ఎముక ఇరిగిన సప్పుడు నేనిన్న. ఇంక సూడాలె, కింది ఊరోళ్లే వాని మీదికి తిరిగిన్రు. వాడు చెప్పులిడిసి ఉరికిండు. మేం మా అన్నదమ్ములను ఇండ్లకు తోలుకొచ్చి కాళ్లకు నీళ్లిచ్చినం, మక్కగట్క పెట్టినం. అక్కడ గడిల గంజులల్ల కూర సల్లారుతుంది. పటేలు దర్వాజకాడ కూసోని అడుగుతున్నడట, ఏమైంది ఏమైందని. ఒక్కడన్న నిజం చెప్పిండా? ‘వస్తున్నరు పటేలా, అగో వస్తున్నరు’ అన్నరట పొద్దుమూకెదాక.

గా యేడు మనూర్ల పీర్లను రెండు వాడలోళ్లు కలిసి ఎత్తిన్రు. పటేలు విడగొట్టనీకి వస్తే కలిపిపోయిండు. కింది ఊరి రైతులకు వంతు నీళ్లు పోతనే ఉన్నయి, పటేలు మళ్లకు మాత్రం నీళ్లు మలిపేటోడు దొరకలే. గడి ముందట చెప్పులేసుకొని నడిసిన్రు. భయం ఒకపారి పోయినంక మళ్ల ఏ సంతల కొనుక్కొస్తడు? పెద్దపల్లి దిక్కున్న బిడ్డ ఇంటికి పోయిండు, ఆడనే సచ్చిండు.

కని పోయేముందు మా మీద కసి తీర్సుకునే పోయిండు. కౌలు భూమి గుంజుకున్నడు. మల్లేశం భీవండికి పోయిండు, మగ్గాలల్ల పనికి. నేను మస్తు ఏడ్సిన. నేను కొంగు పట్టినందుకే కద వాని పొలం పోయింది. ఐదో యేడు వచ్చిండు బిడ్డా, చెప్పకుంట, భుజంమీద బియ్యం మూట. ఒడిల పోద్దామంటే కుడిచెయ్యి లేస్తలేదు. ఎడమచేతితోటి పొయ్యొద్దని ఎవలో అన్నరు. పొయ్యిర తమ్మీ అన్న. పోసిండు. గసొంటి బియ్యం నేను మళ్ల తినలే.

లేస్తున్నవా? ఒక్క మాట. నీ చెల్లె లావణ్యను ఎవలికిచ్చినం? మల్లేశం మనుమనికే కద. నువ్వు పీకుతనంటున్న మోటర్లల్ల మొదటిది మీ బావది. వాళ్లది తప్పు కాదంటలేను, తప్పే. అడుగు, పంచాయితి పెట్టు, అధికారి కాడికి పో. గా ఊర్ల సగం మంది మనదిక్కే అని నీకెవడో చెప్పిండట? నిన్న సంది నువ్వేమన్నా అందరు ‘అవు అన్నా, అవు అన్నా’ అనుడే ఇంటున్న వాకిట్ల. కాదు అని చెప్పేదాన్ని నేనొక్కదాన్నే మిగిలిన.

నిన్ను ఆపేటంత బలం నాకు లేదు. పోతే పో. కని ఆడిబిడ్డ ఊరికి ఉత్త చేతులతోటి పోవద్దు. అగో, తలుపెనుక మూట. లావణ్యకు మూడో యేడు. పొద్దుగాల సంది ఎందుకు తిరుగుతున్న అనుకున్నవ్? బియ్యానికి పసుపు కలిపిన, కుడుకలు పెట్టిన, రైకముక్క పెట్టిన. సల్లగ బతుకు కొడుకా, నీ చెల్లె సల్లగుండాలె, మీ రెండిండ్లు సల్లగుండాలె.

ఒక్క చేతితోటి కాదు, రెండు చేతులతోటి పట్టుకో. బరువుంటది.